సైనిక వైద్యుల రెండో షిఫ్ట్: సెలవు రోజున సివిలియన్ ఆసుపత్రిలో

అమెరికా సైన్యంలో పనిచేసే ఒక డాక్టర్ శుక్రవారం సాయంత్రం యూనిఫామ్ విప్పేసి, కారులో గంట ప్రయాణం చేసి, ఓ చిన్న ఊరి ఆసుపత్రి ఎమర్జెన్సీ రూమ్‌లో రాత్రంతా డ్యూటీ చేసి తెల్లారాక ఇంటికి చేరడం అక్కడ వింతేమీ కాదు. వాళ్ల వాడుకలో దీని పేరు మూన్‌లైటింగ్. కాగితాల మీద ‘ఆఫ్-డ్యూటీ ఉద్యోగం’ అని రాస్తారు. ఏదైనా ఆసుపత్రిలో డాక్టర్ లేనప్పుడు ఆ స్థానంలో కొన్ని రోజులో కొన్ని వారాలో పనిచేసి రావడాన్ని లోకమ్ టెనెన్స్ అంటారు, పొట్టిగా లోకమ్. డాక్టర్లతో పాటు మత్తు ఇచ్చే నర్స్ అనెస్థటిస్టులు, ఫిజీషియన్ అసిస్టెంట్లు, డెంటిస్టులు, ఫార్మసిస్టులు కూడా ఇలా వెళ్తుంటారు.

బయటి నుంచి చూస్తే ఇది జీతం మీద అదనపు సంపాదన. డబ్బు కారణం కాదని ఎవరూ అనరు. కానీ వెళ్లేవాళ్లలో చాలామందిని, ముఖ్యంగా సర్జన్లని, ఎమర్జెన్సీ డాక్టర్లని అడిగితే ముందుగా వచ్చే జవాబు వేరు: చెయ్యి ఆడాలంటే కేసులు ఉండాలి, సైనిక ఆసుపత్రిలో కేసులు చాలడం లేదు. యుద్ధానికి పంపే వైద్యుల చెయ్యి మొద్దుబారకుండా చూడటం నిజానికి సైన్యం పని. అందులో కొంత భాగం ఇప్పుడు ఆ వైద్యుల శని, ఆదివారాల మీద, వాళ్ల సొంత సెలవుల మీద, సొంత ఖర్చు మీద నడుస్తోంది. నిబంధనలు మాత్రం దీన్ని ఇంకా వ్యక్తిగత సౌకర్యంగానే చూస్తున్నాయి. చిక్కంతా ఇక్కడే ఉంది.

కేసులు ఎందుకు చాలవు?

సైనికులు వయసులో ఉన్నవాళ్లు, ఆరోగ్యం చూసి మరీ చేర్చుకున్నవాళ్లు. మోకాళ్ల నొప్పులు, భుజం గాయాలు, కాన్పులు, పిల్లల జ్వరాలు, హెర్నియాలు ఎక్కువగా వస్తాయి. పేగు చిల్లుపడి విషమించిన కేసు, తుపాకీ గాయం, రోడ్డు ప్రమాదంలో నుజ్జయిన మనిషి, ఒకేసారి మూడు జబ్బులతో కుప్పకూలిన డెబ్బై ఏళ్ల వృద్ధురాలు, ఇలాంటివాళ్లు చిన్న సైనిక ఆసుపత్రికి ఎప్పుడో గానీ రారు. యుద్ధభూమిలో పనికొచ్చే నైపుణ్యం మాత్రం ఇలాంటి కేసుల్లోనే వస్తుంది. అమెరికా రక్షణ శాఖ ఆసుపత్రుల్లో తీవ్రంగా గాయపడినవాళ్లకు చికిత్స చేసే అత్యున్నత స్థాయి కేంద్రం, అంటే లెవెల్ 1 ట్రామా సెంటర్, ఒక్కటే ఉంది: శాన్ ఆంటోనియోలోని బ్రూక్ ఆర్మీ మెడికల్ సెంటర్. అది ఆ చుట్టుపక్కల ప్రమాదాల్లో గాయపడిన మామూలు పౌరులను కూడా చేర్చుకుంటుంది కాబట్టే అక్కడి టీమ్‌కి చేతినిండా పని ఉంటుంది.

మిగతా చోట్ల పరిస్థితి ఏమిటో 2022లో జామా సర్జరీ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. 2015 నుంచి 2019 వరకు సైనిక ఆసుపత్రుల్లో జరిగిన జనరల్ సర్జరీ ఆపరేషన్లను పరిశోధకులు లెక్కగట్టారు. నాలుగేళ్లలో ఆపరేషన్ల సంఖ్య దాదాపు నాలుగో వంతు పడిపోయింది. యుద్ధ సన్నద్ధతకు కావలసినంత కేసుల అనుభవం ఉన్న సర్జన్లు మొదట్లోనే సుమారు 17 శాతం; చివరికి వచ్చేసరికి 10 శాతం. అంటే పది మంది మిలిటరీ జనరల్ సర్జన్లలో తొమ్మిది మంది ఆ గీతకు కింద ఉన్నారు. వాళ్లలో సమర్థత లేక కాదు, ఆపరేషన్ టేబుల్ మీదికి రోగులు రాక.

దీనికి కారణం రోగుల వయసు ఒక్కటే కాదు. సైనికులకు, వాళ్ల కుటుంబాలకు, రిటైరైనవాళ్లకు ట్రైకేర్ అనే ఆరోగ్య పథకం ఉంది. సుమారు 95 లక్షల మంది దాని కింద ఉన్నారు. గత దశాబ్దంలో ఖర్చు తగ్గించే పేరుతో, సిబ్బంది కొరతతో ఈ రోగుల్లో చాలామందిని బయటి ప్రైవేటు ఆసుపత్రుల వైపు మళ్లించారు. వయసు పైబడిన రిటైర్డ్ సైనికులు వెళ్లిపోవడంతో క్లిష్టమైన కేసులూ వాళ్లతోనే వెళ్లాయి. ఆ పొరపాటును రక్షణ శాఖే ఒప్పుకున్నట్టు 2023 డిసెంబరులో అప్పటి డిప్యూటీ సెక్రటరీ క్యాథ్లీన్ హిక్స్ ఆదేశం ఇచ్చారు: రోగులను మళ్లీ సైనిక ఆసుపత్రులకు రప్పించాలి, సిబ్బందిని నిలబెట్టాలి అని. బయటికి పోయిన రోగి తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా డాక్టర్ వెళ్లి ఆ రోగి ఉన్న చోట పనిచేస్తున్నారు.

యుద్ధానికీ యుద్ధానికీ మధ్య వైద్య నైపుణ్యం ఇలా జారిపోవడానికి సైనిక వైద్య వర్గాల్లో ఒక పేరు కూడా ఉంది. బ్రిటిష్ నౌకాదళ వైద్యాధికారి అలస్డేర్ వాకర్ పేరు మీద దాన్ని ‘వాకర్ డిప్’ అంటారు. ఒక యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకుంటూ నేర్చుకున్నది శాంతికాలంలో మరిచిపోతారు. తర్వాతి యుద్ధం మొదలైన కొత్తలో గాయపడిన సైనికులు ఆ మరుపుకి మూల్యం చెల్లిస్తారు. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో పనిచేసిన సర్జన్లు రిటైరవుతున్న ఈ కాలంలో ఆ మాట మరీ గట్టిగా వినిపిస్తోంది.

జీతం సంగతి కూడా ఇక్కడే. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2020లో ఇచ్చిన నివేదిక 27 వైద్య, దంత విభాగాలను పోల్చి చూసింది. 21 విభాగాల్లో సైన్యం ఇచ్చే గరిష్ఠ మొత్తం కూడా ప్రైవేటు రంగంలోని మధ్యస్థ ఆదాయం కంటే తక్కువే. ఎముకల సర్జన్లు, న్యూరోసర్జన్ల దగ్గర ఈ తేడా బాగా పెద్దది. నెలకు రెండు మూడు షిఫ్టులు ఆ తేడాను పూడ్చవు. కానీ ‘ఇంకో నాలుగేళ్లు ఉందాంలే’ అనిపించేంత ఊరట ఇస్తాయి. సైన్యం వైద్యులను నిలబెట్టుకోవడానికి ఇచ్చే బోనస్‌ల గురించి చర్చలు జరుగుతాయి. ఈ షిఫ్టులూ అదే పని చేస్తున్నాయన్న సంగతి మాత్రం ఆ చర్చల్లోకి పెద్దగా రాదు.

అనుమతి, హద్దులు

అమెరికా చట్టంలో మూల సూత్రం చాలా సూటిగా ఉంటుంది. క్రియాశీల విధుల్లో ఉన్న సైనికాధికారి తన యూనిట్‌కి దూరం చేసే ఉద్యోగాన్ని గానీ, సైనిక విధులకు అడ్డొచ్చే ఉద్యోగాన్ని గానీ ఒప్పుకోకూడదు. మిగతా నియమాలన్నీ ఆ ఒక్క వాక్యం చుట్టూ అల్లుకున్నవే. కమాండర్ రాతపూర్వకంగా అనుమతించాలి. ఎక్కడ, ఎన్ని గంటలు, ఎంత దూరం అన్నది ముందే చెప్పాలి. వారానికి 16 గంటలు అన్నది ఈ నిబంధనల్లో తరచుగా కనిపించే పరిమితి. రాత్రి షిఫ్ట్‌కీ పొద్దుటి సైనిక డ్యూటీకీ మధ్య విశ్రాంతి ఉండాలి. పిలిస్తే వెంటనే రావాలి. ఒకసారి ఇచ్చిన అనుమతిని కమాండర్ ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. శిక్షణలో ఉన్న రెసిడెంట్లకు అసలు అనుమతే ఉండదు. వారం దాటే లోకమ్ పనులకు వెళ్లాలంటే ఏడాదికి వచ్చే 30 రోజుల సెలవులోంచే తీసుకోవాలి. అంటే కుటుంబంతో గడపాల్సిన సెలవు.

వీటన్నిటి కంటే పని స్వభావాన్ని మార్చేసేది ఇంకో నియమం. విషమ స్థితిలో ఉన్న రోగుల బాధ్యతను నిరంతరంగా భుజాన వేసుకోకూడదు. ఆదివారం ఆపరేషన్ చేసి, సోమవారం ఆ రోగికి జ్వరం వస్తే ఎవరు చూస్తారు? ఆ డాక్టర్ అప్పటికి సైనిక ఆసుపత్రిలో ఉంటారు, లేదా విదేశానికి బయల్దేరే విమానంలో ఉంటారు. అందుకే షిఫ్ట్ ముగియగానే రోగిని ఇంకొకరికి అప్పగించి బయటపడగల పనులే మూన్‌లైటింగ్‌కి కుదురుతాయి: ఎమర్జెన్సీ రూమ్, అర్జెంట్ కేర్, అనస్థీషియా, ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లు చదివే రేడియాలజీ, ఆసుపత్రి వార్డుల్లో రాత్రి డ్యూటీ. సొంత క్లినిక్ పెట్టి రోగులను కూడగట్టుకోవడం కుదరదు.

ఈ నియమంలో న్యాయం ఉంది. కానీ దాని ఫలితం గమనించండి: నైపుణ్యం వేగంగా తగ్గుతున్నది సర్జన్లది, మూన్‌లైటింగ్‌కి బాగా అనువైనది ఎమర్జెన్సీ, అనస్థీషియా విభాగాలవాళ్లకి. సర్జన్ చేయగలిగేది వారాంతంలో గాయాల కేసులకు పిలిస్తే వెళ్లే ట్రామా కాల్ తీసుకోవడమో, స్థానిక సర్జన్ల బృందంతో ఒప్పందం చేసుకుని తర్వాతి చూపు వాళ్లకు అప్పగించడమో. ఎక్కువ అవసరమున్న చోటే దారి ఇరుకు.

ఒకే మనిషి, రెండు కాగితాలు

సైనిక ఆసుపత్రి గేటు దాటి బయటికి వచ్చిన క్షణం నుంచి ఆ డాక్టర్ చట్టం దృష్టిలో వేరే మనిషి. మొదటిసారి మూన్‌లైటింగ్‌కి సిద్ధమయ్యేవాళ్లకు టెన్షన్ పెట్టేది ఇదే.

లైసెన్స్‌తో మొదలవుతుంది. సైన్యంలో పనిచేయడానికి ఏ ఒక్క రాష్ట్రం లైసెన్స్ ఉన్నా చాలు. ఒహాయో లైసెన్స్‌తో వాషింగ్టన్ రాష్ట్రంలోని సైనిక ఆసుపత్రిలో నిశ్చింతగా పనిచేయవచ్చు. అదే ఊళ్లోని సివిలియన్ ఆసుపత్రిలో అడుగు పెట్టాలంటే మాత్రం వాషింగ్టన్ లైసెన్స్ కావాలి. 2017 నుంచి పనిచేస్తున్న అంతర్రాష్ట్ర లైసెన్స్ ఒప్పందంలో 40 దాకా రాష్ట్రాలు చేరడంతో డాక్టర్లకు దారి కొంచెం సులువైంది. అయినా ఫీజులు ఎవరివి వాళ్లవే.

తర్వాత మందులు. నొప్పి తగ్గించే మార్ఫిన్ లాంటి నియంత్రిత మందులు రాయడానికి డీఈఏ (మాదకద్రవ్యాల నియంత్రణ చూసే ఫెడరల్ సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి. సైనిక వైద్యులకు ఇది ఉచితం. కానీ ఆ ఉచిత నంబరు ప్రభుత్వ పనికే చెల్లుతుంది. శనివారం రాత్రి సివిలియన్ రోగికి ఆ నంబరు మీద మందు రాస్తే అది ఉల్లంఘనే. సొంత నంబరుకి మూడేళ్లకు 888 డాలర్లు కట్టాలి.

ఆ పైన దావాల భయం. సైనిక విధుల్లో పొరపాటు జరిగితే రోగి ఆ డాక్టర్ మీద వ్యక్తిగతంగా దావా వేయలేడు. 1976 నాటి గొంజాలెజ్ చట్టం ప్రకారం దావా ఎదుర్కొనేది ప్రభుత్వమే. ఈ గొడుగు డ్యూటీ వరకే. బయటి షిఫ్ట్‌లో ఏం జరిగినా వైద్యంలో పొరపాట్ల మీద వచ్చే దావాలకు తీసుకునే సొంత మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్సే దిక్కు. లోకమ్ ఏజెన్సీ ద్వారా వెళ్తే సాధారణంగా వాళ్లే కడతారు. అయితే పాలసీ ఏ రకమో చూసుకోకపోతే తర్వాత బాధపడాలి. ‘సంఘటన’ రకం పాలసీ అయితే షిఫ్ట్ చేసిన రోజున పాలసీ ఉంటే చాలు, దావా ఎప్పుడు వచ్చినా చూసుకుంటుంది. ‘క్లెయిమ్’ రకం అయితే దావా వేసే రోజుకి కూడా పాలసీ నడుస్తూ ఉండాలి. సైనిక వైద్యులు మూడు నాలుగేళ్లకోసారి బదిలీ అవుతారు. ఊరు మారి పాలసీ ఆపేశాక రెండేళ్లకు పాత కేసు మీద నోటీసు వస్తే? అందుకోసం ‘టెయిల్’ అనే అదనపు రక్షణ కొనాలి. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందే అది ఎవరు కొంటారో రాయించుకోవాలి. సంతకం అయ్యాక అడిగితే జవాబు సాధారణంగా ‘మీరే’ అని వస్తుంది.

అన్నిటికంటే చిక్కుముడి ట్రైకేర్. ప్రభుత్వ జీతం తీసుకునే వ్యక్తికి ప్రభుత్వ డబ్బు రెండోసారి అందకూడదన్నది అమెరికా చట్టంలో పాత సూత్రం. దాని ప్రకారం క్రియాశీల విధుల్లో ఉన్న వైద్యుడు బయట ట్రైకేర్ రోగిని చూస్తే, ఆ సేవకు ట్రైకేర్ నుంచి ఫీజు రాదు. కాగితం మీద ఇది సబబే. కానీ సైనిక స్థావరం పక్కనున్న ఊరిని ఊహించుకోండి. డాక్టర్ ఉండేది ఆ ఊళ్లోనే. అక్కడి ఆసుపత్రికి వచ్చే రోగుల్లో సైనికుల భార్యలు, పిల్లలు, రిటైరైనవాళ్లు గణనీయంగా ఉంటారు. అర్ధరాత్రి ఒక రిటైర్డ్ సైనికుడో, సైనికుడి భార్యో ఛాతీ నొప్పితో వస్తే డాక్టర్ చూడకుండా ఉండలేరు, ఉండకూడదు. చూశాక ఆ బిల్లు ఏం చేయాలో ఆసుపత్రి ముందే తేల్చుకోవాలి: ఆ రోగులను అదే షిఫ్ట్‌లో ఉన్న ఇంకో డాక్టర్‌కి కేటాయించాలి, లేదా ఆ ఫీజు వదులుకోవాలి. చిన్న ఆసుపత్రిలో రాత్రి పూట ఉండేది ఒక్క డాక్టరే. అందుకని కొన్ని చోట్ల ఇంటి పక్కనున్న ఆసుపత్రి సైనిక వైద్యులను తీసుకోవడానికి వెనకాడుతుంది, వాళ్లు గంటల కొద్దీ దూరం డ్రైవ్ చేసి వెళ్లాల్సి వస్తుంది. రెండుసార్లు చెల్లించకూడదన్న మంచి ఉద్దేశం చివరికి అలసిన డాక్టర్‌ని అర్ధరాత్రి హైవే మీదికి పంపుతోంది. అత్యవసర కేసుల వరకైనా ఆసుపత్రికి రావలసిన మొత్తం ఆసుపత్రికే ఇచ్చి, డాక్టర్‌కి గంటల లెక్కన జీతం ఆసుపత్రి వేరుగా ఇచ్చే ఏర్పాటు స్పష్టంగా రాసి పెడితే ఈ మెలిక చాలావరకు వీడుతుంది.

పన్నుల దగ్గర కూడా ఇదే రెండు ముఖాల వ్యవహారం. సైనిక జీతం మీద రాష్ట్ర పన్ను, ఉంటే, శాశ్వత నివాస రాష్ట్రానికే చెందుతుంది. టెక్సాస్ నివాసిగా ఉండి కాలిఫోర్నియాలో డ్యూటీ చేసే సైనికాధికారి జీతం మీద కాలిఫోర్నియాకి పన్ను కట్టక్కర్లేదు. కాలిఫోర్నియాలో చేసిన మూన్‌లైటింగ్ షిఫ్టుల మీద మాత్రం కట్టాల్సిందే. పైగా చాలావరకు ఈ పనులు స్వతంత్ర కాంట్రాక్టు కింద ఉంటాయి, 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను ఆదాయపు పన్నుకు అదనం. చేతికొచ్చిన చెక్కు మొత్తాన్ని ఖర్చు పెట్టేసి ఏప్రిల్‌లో కంగుతినడం కొత్తవాళ్లు తరచుగా చేసే తప్పు. మూడు నెలలకోసారి కట్టే అంచనా పన్ను అలవాటు చేసుకోవాలి.

అధికారులు కాని వైద్య సహాయకుల పరిస్థితి ఇంకా చిత్రం. సైన్యంలోని కంబాట్ మెడిక్ యుద్ధభూమిలో ఛాతీలో సూది గుచ్చి గాలి తీయగలడు, గొంతు కోసి శ్వాస మార్గం తెరవగలడు, రక్తం ఎక్కించగలడు. అతని చేతిలో ఉన్న సివిలియన్ ధ్రువీకరణ మాత్రం ప్రాథమిక ఈఎంటీ (అంబులెన్స్ సహాయకుడి) స్థాయిది. సెలవు రోజున అంబులెన్స్‌లో పనికి వెళ్తే వీటిలో ఒక్కటీ చేయనివ్వరు. నేర్చుకున్నది నిలబడాలని వెళ్లిన మనిషికి దొరికేది స్ట్రెచర్ మోయడం, బీపీ చూడటం. ఈఎంటీకి పై మెట్టు అయిన పారామెడిక్ స్థాయి కోర్సుకి సైన్యమే దారి చూపితే ఇతనికి ఉద్యోగం దొరుకుతుంది, సైన్యానికి నైపుణ్యం నిలుస్తుంది.

సైన్యం ఈ కొరతను చూస్తూ ఊరుకుందనడం అన్యాయం. ఆర్మీ 2001 నుంచి మయామీలోని రైడర్ ట్రామా సెంటర్‌లో, నేవీ 2002 నుంచి లాస్ ఏంజెలెస్‌లోని పెద్ద కౌంటీ ఆసుపత్రిలో తమ బృందాలకు శిక్షణ ఇస్తున్నాయి. ఎయిర్‌ఫోర్స్‌కి బాల్టిమోర్, సిన్సినాటీ, సెయింట్ లూయిస్‌లలో అలాంటి కేంద్రాలున్నాయి. 2019లో వచ్చిన మిషన్ జీరో చట్టం సివిలియన్ ట్రామా సెంటర్లలో సైనిక బృందాలను ఉంచడానికి గ్రాంట్లకు దారి తీసింది. ఇక్కడ పనిచేసేది డ్యూటీలో భాగం. జీతం సైన్యానిదే, అదనంగా డబ్బు రాదు, సొంత సెలవు పోదు. సన్నద్ధతకి సరైన మార్గం ఇదేనని చెప్పడానికి సందేహించక్కర్లేదు. కానీ ఇవి పెద్ద నగరాల్లో, ఎక్కువగా ట్రామా బృందాల కోసం నడుస్తున్నాయి. మారుమూల స్థావరంలో ఉన్న సర్జన్‌కి, సాధారణ వైద్య నిపుణురాలికి, నర్స్ అనెస్థటిస్ట్‌కి మిగిలేది మళ్లీ శనివారమే.

అలసట సంగతి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. వారమంతా సైనిక క్లినిక్, వారాంతంలో రెండు రాత్రులు ఎమర్జెన్సీ. ఇలా నడిపిస్తే నష్టపోయేది ఎవరు? సోమవారం పొద్దున ఆ డాక్టర్ ముందు కూర్చున్న సైనికుడు, లేదా శనివారం తెల్లవారుజామున వచ్చిన సివిలియన్ రోగి. గంటల పరిమితిని చాదస్తం అని కొట్టిపారేసేవాళ్లు ఈ ఇద్దరినీ మరిచిపోతున్నారు. ఇచ్చిన గంటల్లో దొరికిన కేసులను సైన్యం లెక్కలోకి తీసుకుంటే, ఎక్కువ గంటలు చేయాలన్న తొందర కూడా తగ్గుతుంది. ఏ కేసులు చూశారు, ఎన్ని ఇంట్యుబేషన్లు (శ్వాస కోసం గొట్టం వేయడం) చేశారు, ఎన్ని ఆపరేషన్లలో పాల్గొన్నారు అన్న వివరం సన్నద్ధత రికార్డులో చేరితే, ఏ షిఫ్ట్ పనికొస్తుందో, ఏది వట్టి జలుబు మాత్రల క్లినిక్కో కమాండర్‌కే తెలుస్తుంది.

రెండో వైపున చిన్న ఆసుపత్రులున్నాయి. అమెరికాలో లోకమ్ ఏర్పాటు 1970ల చివర యూటా ప్రాంతంలో, పల్లెల్లోని ఒంటరి డాక్టర్లకు ఊపిరి పీల్చుకునే వీలు కల్పించడానికే మొదలైంది. స్థావరానికి గంటన్నర దూరంలోని చిన్న ఊరికి సైనిక వైద్యులు వారాంతపు ఎమర్జెన్సీని నిలబెట్టే మనుషులు. వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ నియమాల్లో దీనికి అద్దం పట్టే ఒక వెసులుబాటు కూడా ఉంది. ఒక డాక్టర్ స్థానంలో తాత్కాలిక డాక్టర్ పనిచేస్తే ఆ బిల్లు మామూలుగా 60 రోజుల వరకే చెల్లుతుంది. అసలు డాక్టర్ రిజర్విస్ట్ (అవసరమైనప్పుడు సైన్యం పిలిపించుకునే సివిలియన్) అయి సైన్యం పిలిస్తే మాత్రం ఆ గడువు వర్తించదు. సివిలియన్ డాక్టర్ సైన్యానికి వెళ్తే ఖాళీ ఎలా నిండాలో చట్టం ఆలోచించింది. సైనిక డాక్టర్ సివిలియన్ ఊరి నుంచి మాయమైతే ఏం కావాలో ఎక్కడా రాసి లేదు.

బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజున ఇది కళ్లకు కడుతుంది. కొత్త రాష్ట్రం, కొత్త లైసెన్స్, కొత్త ఆసుపత్రిలో అర్హతల పరిశీలన, దానికే రెండు మూడు నెలలు, కొత్త కమాండర్‌కి కొత్త దరఖాస్తు. అన్నీ కుదిరి మొదటి షిఫ్ట్ పడేసరికి సగం ఏడాది గడిచిపోతుంది. ఆ సగం ఏడాదిలో సర్జన్ చేతికి వచ్చిన పెద్ద కేసులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. వెనక వదిలొచ్చిన ఊళ్లో ఆసుపత్రి వాళ్లు వచ్చే నెల పట్టికలో ఖాళీ అయిన శనివారాలకు ఏజెన్సీలకు ఫోన్ చేస్తుంటారు.